సాగర్, మల్లెలతీర్థం, అలంపురం: నెట్‌లో ఏది నమ్మాలె?

ప్రశ్న (నల్గొండ): దసరా సెలవుల్లో ఇంటిల్లిపాది కారులో రెండు రోజులు సాగర్, మల్లెలతీర్థం, అలంపురం గుళ్లు చూడ పోదామని. ముసలోళ్లు, చిన్నపిల్లలు ఉంటరు. నెట్‌లో ఒక్కోడు ఒక్కోటి చెప్తున్నడు. ఒక వీడియోల సాగర్ గేట్లన్నీ ఎత్తి ఉన్నయి, ఇంకోదాంట్ల నీళ్లు అడుగంటినయి. సాగర్ నీళ్ల నడుమ దీవి నాగార్జునకొండకు లాంచీ నడుస్తదా, నల్లమల అడివిల ఉన్న మల్లెలతీర్థం జలపాతంల నీళ్లుంటయా, ఇంట్ల కూసోని తేల్చుకునుడెట్ల?

పాలమూరు బాటసారి: ముందుగాల పేజీ వయసు చూడున్రి. పైన తేదీ కొత్తగ ఉన్నా లోపల సరుకు పాతదే ఉంటది. అలంపురం, మల్లెలతీర్థం మహబూబ్‌నగర్ జిల్లా అని రాసిండంటే అది 2016 అక్టోబరు 11కు ముందటిది, లేదా అప్పటిదానికి కాపీ. ఇప్పుడు అలంపురం జోగులాంబ గద్వాల జిల్లా, మల్లెలతీర్థం నాగర్‌కర్నూల్ జిల్లా. సాగర్ ఇంకా నల్గొండలనే ఉన్నది కాబట్టి ఈ కిటుకు అక్కడ చెల్లదు. అక్కడ బుద్ధవనం అనే బౌద్ధ పార్కు పేరున్నదా చూడున్రి. 2022 మేలో తెరిచిన్రు, అది లేని జాబితా పాతది. గూగుల్ మ్యాప్స్‌ల రివ్యూలను 'కొత్తవి ముందు' అని మార్చుకోవాలె, లేకుంటే ఏండ్ల కిందటియే పైకొస్తయి. అయిదు చుక్కలు పెట్టి 'సూపర్' అన్నోని వదిలేసి, మూడు చుక్కలోళ్లను చదవున్రి. పార్కింగు, మెట్లు, మరుగుదొడ్ల సంగతి వాళ్లే రాస్తరు.

కృష్ణ ఒడ్డు: నీళ్ల విషయం వీడియోల మీద తేలదు, ప్రాజెక్టుల రోజువారీ నీటిమట్టం పట్టికల తేలుతది. సాగర్ నిండుమట్టం 590 అడుగులు, శ్రీశైలం 885. చాలామంది 589 కనబడంగనే గేట్లు ఎత్తుతరని బయల్దేరుతరు. అట్ల కాదు. ఔట్‌ఫ్లో, అంటే బయటికి పోయే నీళ్లు, మొత్తం పవర్‌హౌస్, కుడి ఎడమ కాల్వల నుంచే పోతుండొచ్చు. ఔట్‌ఫ్లోను విడగొట్టి ఇచ్చిన కాడ స్పిల్‌వే (గేట్ల నుంచి పోయే నీళ్లు) అంకె చూడాలె, అది సున్నా ఉంటే 26 గేట్లూ మూసే ఉన్నయన్నట్టు. సాగర్ నిండుగ ఉండి, పైన శ్రీశైలం స్పిల్‌వే నుంచి నీళ్లిడుస్తుంటేనే ఆశ పెట్టుకోవాలె. బయల్దేరే ముందటి రాత్రి ఒకపారి, పొద్దుగాల ఇంకోపారి చూస్తే సరిపోతది.

లాంచీది వేరే పేచీ. కుడిగట్టున విజయపురి సౌత్‌ల ఆంధ్రా టూరిజం, ఎడమగట్టున తెలంగాణ టూరిజం. నెట్‌ల రెండూ కలిపి రాస్తరు. ఫోన్ చేసి 'లాంచీ ఉన్నదా' అనొద్దు, ఉన్నదనే అంటరు. 'కొండ దాకా పోతదా, ఉత్తగ నీళ్లల ఒక చక్కర్ కొట్టి తెస్తరా, ఆఖరిది ఎన్నింటికి, ఎంతమంది అయితే తీస్తరు' అని అడగాలె. కొండ మీది మ్యూజియం శుక్రవారం బంద్.

నల్లమల దారి: మల్లెలతీర్థం ఫొటోలు వానకాలంవి, పెట్టేది ఎండకాలంల. మ్యాప్స్‌ల ఫొటో తెరిస్తే నెల, ఏడాది కనబడతయి. అక్టోబరుల తీసినయి మాత్రమే లెక్కల పెట్టుకోన్రి. ఎండలు ముదిరితే ధార సన్నగైతది. దిగుడు దాదాపు 350 మెట్లు, మళ్ల ఎక్కాలె. మోకాళ్ల నొప్పులున్నోళ్లు పైన్నే కూసుంటే మంచిది.

మ్యాప్ చూపించే టైము నమ్మి రాత్రి పోవద్దు. అడివి దారిల ఉన్న మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాకా మూస్తరు, మ్యాప్‌కు ఆ సంగతి తెల్వదు. అడివిల సిగ్నల్ పోతది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోన్రి. అదే అడివిల ఉన్న శివుని క్షేత్రం సలేశ్వరం వీడియోలు చూసి అదీ కలుపుకుంటే మాత్రం లాభం లేదు. చైత్ర పున్నం జాతర రోజుల్లనే అటు ఇడుస్తరు.

ప్రశ్న (నల్గొండ): మంచిగ చెప్పిన్రన్నా. అలంపురంల రూము ఆన్‌లైన్‌ల పైసలు కట్టి పెట్టుకోవచ్చా?

పాలమూరు బాటసారి: వెతకంగనే పైన 'ప్రకటన' అని వచ్చిన నంబర్‌కు కట్టొద్దు తమ్మీ. ప్రభుత్వ సైట్ అయితే అడ్రసు చివర 'జీఓవీ డాట్ ఇన్' అని ఉంటది. మనిషి పేరు మీద క్యూఆర్ పంపి, మొత్తం ముందే కొట్టమంటే అది దొంగ నంబరే అనుకో. అప్పటికే కొట్టి ఉంటే ఆలస్యం చెయ్యకుండ 1930కి ఫోన్ చెయ్యి. నన్నడిగితే అలంపురంల రాత్రి ఉండే పనే లేదు. కర్నూలు దగ్గరనే, అక్కడ లాడ్జీలు బొచ్చెడు. పొద్దున్నే వచ్చి నవబ్రహ్మ గుళ్లు ఎండెక్కకముందే చూస్కోవచ్చు.