కోర్టులో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం: చేరమనాలా, వద్దనాలా?

ఉప్పల్ నాన్న: మా అమ్మాయికి జిల్లా కోర్టులో జూనియర్ అసిస్టెంటు పోస్టు వచ్చింది. బేసిక్ 24,280. ఇప్పుడు ప్రైవేటులో ముప్పై వేలు తెచ్చుకుంటోంది, గ్రూప్-2కి కూడా చదువుతోంది. కోర్టుల్లో చేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

పాత సూపరింటెండెంటు: నిశ్చింతగా చేర్పించండి. కాపీయిస్టుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. కింది కోర్టుల జీతభత్యాలు చూసిన శెట్టి కమిషన్ 2003లో సిబ్బంది గురించి నివేదిక ఇచ్చాకే మమ్మల్ని పట్టించుకోవడం మొదలైంది. 2022 జూన్‌లో తెలంగాణలో పాత పది జిల్లాల కోర్టులు 33 అయ్యాయి. సీనియర్ అసిస్టెంటు, ఆపైన సూపరింటెండెంటు, అన్నిటికీ దారి పెరిగింది. పైగా వేసవి సెలవులు.

బెంచి క్లర్కు: వేసవి సెలవులు ఏ కోర్టులో సార్? నేను మేజిస్ట్రేటు కోర్టులో ఉన్నాను. మాకు మే నెల కూడా అన్ని నెలల్లాంటిదే.

పాత సూపరింటెండెంటు: నేను చెప్పింది సివిల్ కోర్టుల గురించి.

బెంచి క్లర్కు: వాళ్లమ్మాయికి సివిల్‌లోనే పోస్టింగు వస్తుందని మీరు రాసిస్తారా?

పాత సూపరింటెండెంటు: రాసివ్వడానికి నేనెవరిని? సివిల్ కోర్టులకు సెలవులు ఉన్నాయా, లేవా? అంతవరకు చెప్పండి.

మౌలాలి రైలు: సెలవులు పక్కన పెట్టండి. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు సీపీఎస్, అంటే జీతంలోంచి కోసి దాచినదాన్ని బట్టి పెన్షన్. సూపరింటెండెంటు గారిది పాత పెన్షన్. ఆ తేడా ఆ నాన్నగారికి చెప్పండి ముందు.

బెంచి క్లర్కు: అది ఎలాగూ ఉంది. రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. పదిన్నరకు కాల్ వర్కు, అంటే కేసులు పిలవడం. టేబుల్ మీద తొంభై కేసుల బండిళ్లు. పీఓ గారు, అంటే జడ్జిగారు, వాయిదా చెప్తుంటే డాకెట్ (ఆ రోజు కేసులో జరిగింది) రాస్తాను, సాయంత్రం అవన్నీ మళ్లీ కంప్యూటర్లో ఎక్కించాలి, ఎందుకంటే కక్షిదారు ఫోన్లో తేదీ చూసుకుంటాడు. కోర్టుల్ని కంప్యూటరీకరించే ఈ-కోర్టుల పథకం మూడో దశకు కేంద్రం 2023లో 7,210 కోట్లు ఇస్తామంది. మంచిదే. ఎక్కించే చేతులు మాత్రం అవే. ఆదివారం రిమాండ్ డ్యూటీ పడితే పోలీసులు నిందితుణ్ని ఎప్పుడు తెస్తే అప్పుడు నేను హాజరు.

ఒక చెక్ బౌన్స్ కేసులో అసలు చెక్కు కనబడలేదు. నాకు మెమో ఇచ్చారు. మూడు రోజులు బీరువాలు దించి వెతికాను. చివరికి పక్క బండిల్లో, డాకెట్ షీటు వెనక గుండుసూదికి తగులుకుని దొరికింది. చెక్కు బండిల్లోకి చేరింది, మెమో నా ఫైల్లో ఉండిపోయింది.

పాత సూపరింటెండెంటు: చెక్కు మీ కస్టడీలో ఉంది కాబట్టి మెమో వచ్చింది. అందులో అన్యాయం ఏముంది?

కూకట్‌పల్లి వకీలు: సర్టిఫైడ్ కాపీకి తిప్పుకోవడం, మామూళ్లు, వాటి గురించి ఒక్కరూ రాయరేం?

పాత సూపరింటెండెంటు: మాట తూచి మాట్లాడండి. వేల కాపీలు నా చేతి మీదుగా పోయాయి. ఒక్క రూపాయి ముట్టలేదు.

మౌలాలి రైలు: బుద్వేల్‌లో 100 ఎకరాల్లో కొత్త హైకోర్టుకు 2024లో పునాది వేశారు. కింది కోర్టుల్లో ఆడవాళ్లకు బాత్రూమ్ సంగతి కూడా ఎవరైనా చూస్తే బాగుండు.

అటెండరు తమ్మి: సూపరింటెండెంటు సార్ పైసలు ముట్టలే, నమ్ముతా. మరి ఇంటి పని సంగతేంది సార్? నేను ఆఫీస్ సబార్డినేటుగా చేరి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీల డిగ్రీ చేసిన. పరీక్షకు పోవాల్సిన రోజు కూడా ఒక ఆఫీసరింట్ల గిన్నెలు తోమి, పిల్లల్ని బడికాడ దించి పోయిన. లీవు అడిగితే సూపరింటెండెంటు ఏమన్నడో ఎరికేనా? 'సార్ ఇంటికాడ ఎవరు చూస్తరు' అన్నడు.

పాత సూపరింటెండెంటు: మేమూ చేశాం. ఎవరూ చచ్చిపోలేదు.

బెంచి క్లర్కు: ఇదీ అసలు గొడవ. మీకూ నాకూ పేచీ సెలవుల మీద కాదు. మీరు నోరెత్తకుండా చేసిన పని ఇప్పుడు ఆ తమ్ముడికి రూలైంది. రాజ్యాంగం 235 అధికరణం ప్రకారం కింది కోర్టుల అజమాయిషీ హైకోర్టుది. కానీ నా దరఖాస్తు అక్కడికి వెళ్లాలంటే నాకు మెమో ఇచ్చినాయన బల్ల దాటాలి.

పాత సూపరింటెండెంటు: అలా పైకి రాసినవాడి పేరు సెక్షన్‌లో అందరికీ తెలిసిపోతుంది. అతనికి రాసే సీక్రెట్ రిపోర్టు ఎవరి చేతిలో ఉంటుంది? ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒక్క జీతం. ధైర్యం గురించి నాకు పాఠం చెప్పకండి.

అటెండరు తమ్మి: మాకూ పిల్లలున్నరు సార్.

ఉప్పల్ నాన్న: అమ్మాయి మొత్తం చదివింది. చేరతానంటోంది, గ్రూప్-2 మాత్రం వదలనంటోంది. చేరాక ఆ పరీక్ష రాయాలంటే అనుమతి కావాలా?

బెంచి క్లర్కు: కావాలి. నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు ఆఫీసు ద్వారానే పెట్టమనండి. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద అందినట్టు ఇన్‌వర్డు ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో దాచుకోమనండి. నోటిమాటగా 'సరే' అంటే నమ్మి రావద్దు.