'కాల్ చేయాల్సింది': పోకర్, పూల్ వ్యాఖ్యానంలో ఈ మాట ఎక్కడ చెల్లుతుంది?

ప్రశ్న:
పోకర్ ప్రసారాల్లో ఆటగాడు ఫోల్డ్ చేయగానే, అంటే ముక్కలు వదిలేసి తప్పుకోగానే, వ్యాఖ్యాత తప్పు పట్టేస్తుంటారు. కర్రతో బంతుల్ని బల్ల జేబుల్లోకి కొట్టే పూల్‌లో బంతి తప్పినా అంతే. ఈ ఆటలకు తెలుగులో వ్యాఖ్యానం చెప్పేటప్పుడు 'చేయాల్సింది', 'చేసుంటే' రెంటినీ ఒకే అర్థంలో వాడొచ్చా?

స్పందన:
వాడకూడదండీ. కాల్ అంటే ఎదుటివాడి పందేనికి సరిపడా సొమ్ము పెట్టి ఆటలో ఉండటం. "కాల్ చేసుంటే గెలిచేవాడు" అన్నది సమాచారం. "కాల్ చేయాల్సింది" అన్నది తీర్పు, ఆటగాడికి తెలివి చాలలేదన్నట్టే. పోకర్‌లో ఈ తేడా పెద్దది. 1999లో బ్రిటన్ ఛానల్ 4లో వచ్చిన లేట్ నైట్ పోకర్‌లో బల్లకు అద్దం బిగించి, కింద కెమెరాలు పెట్టి చేతిలో ముక్కలు చూపించారు. అలా అందరి ముక్కలూ చూసేవాళ్లకు తెలుస్తాయి, ఆడేవాడికి తనవే తెలుస్తాయి.

లెక్క చూడండి. ఒకరి చేతిలో ఆఠీన్ ఆసు, ఆఠీన్ జాకీ. రెండోవారికి ఇస్పేటు రాజు, కళావర్ రాజు. బోర్డు మీద, అంటే ఇద్దరికీ ఉమ్మడిగా బల్ల మీద పరిచినవి, ఆఠీన్ 9, ఆఠీన్ 4, డైమన్ 2, కళావర్ 7. ఇంకొక్క ముక్క పడాలి. తెర మీద లెక్కకు 8 ముక్కలు తెలుసు, మిగిలినవి 44. ఆఠీన్ పడితే మొదటివాడికి ఒకే రంగువి ఐదు కుదిరి ఫ్లష్ అవుతుంది, ఆసు పడితే అతని ఆసుల జత రాజుల జతను మించుతుంది. అలా గెలిపించేవి 9 ఆఠీన్లు, 3 ఆసులు, మొత్తం 12. అంటే 27 శాతం. ఆటగాడికి తెలిసినవి 6 ముక్కలే, తెలియనివి 46. ఎదుటివాడి దగ్గర ఏముందో తెలియదు కాబట్టి ఆసు పడితే గెలుస్తానని నమ్మకం లేదు. ఆఠీన్లనే లెక్కేసుకుంటే 46కి 9, అంటే 19.6 శాతం.

పాట్‌లో, అంటే మధ్యలో పోగైన సొమ్ములో, 300 ఉండగా ఎదుటివాడు 100 పందెం కాశాడనుకోండి. తనదీ కలిపి అయ్యే 500 కోసం 100 పెట్టాలి, కనీసం 20 శాతం అవకాశం కావాలి. తెర 27 చూపిస్తోంది, ఆటగాడి లెక్క 20కి అందడం లేదు. ఫ్లష్ పడ్డాక ఇంకా సొమ్ము రాబట్టగలనని నమ్మితే కాల్ చేస్తాడు, లేకపోతే ఫోల్డ్. ఆ తర్వాత డైమన్ ఆసు పడిందే అనుకోండి, "చేసుంటే గెలిచేవాడు" అనండి, నిజమే కదా. "చేయాల్సింది" మాత్రం అనకండి. 27 శాతం చెప్పిన నోటితోనే 19.6 కూడా చెప్పని వ్యాఖ్యానం నా దృష్టిలో సగం పనే.

స్పందన:
వ్యాకరణం వైపు ఒక మాట. "కాల్ చేయాల్సింది" అని ఆట మధ్యలో అంటే ఇంకా చేయలేదా, చేయకుండా వదిలేశాడా అన్నది వినేవాడికి తేలదు. జరగబోయేదానికి "చేయాల్సి ఉంటుంది", దాటిపోయినదానికి "చేసి ఉండాల్సింది" అంటే గందరగోళం ఉండదు. ఇక రంగుల పేర్లు మనకున్నవే హాయిగా వాడొచ్చు, ఇస్పేటు, ఆఠీన్, కళావర్, డైమన్ పేకాట తెలిసిన ఇంట్లో ఎవరికైనా తెలుసు. ఫోల్డ్‌కి మాత్రం రమ్మీలోని 'డ్రాప్' తేకండి, అక్కడ డ్రాప్‌కి పాయింట్ల లెక్క వేరే ఉంది.

స్పందన:
పూల్‌లో దాచిన ముక్కల్లేవు, అన్నీ బల్ల మీదే ఉంటాయి. అందుకే అక్కడ "కొట్టాల్సింది" అనొచ్చు, కానీ షాటుకు ముందే ఆ దారి చెప్పి ఉండాలి. యూరప్, అమెరికా జట్లు తలపడే పూల్ పోటీ మోస్కోని కప్‌లో షాటుకు 30 సెకన్లు ఇస్తారు, ఒక వాక్యానికి అది చాలు.

1 నుంచి 9 వరకు అంకెలున్న బంతులతో ఆడే 9-బాల్‌లో ఎప్పుడూ కర్రతో కొట్టే తెల్లబంతి అతి చిన్న అంకె బంతినే ముందు తాకాలి. 6 కొట్టే వంతు వచ్చిందనుకోండి, అది పడుతుందా అన్నది అక్కడ చిన్న సంగతి, 7కి తెల్లబంతి ఎటునుంచి వస్తుందన్నదే అసలు సంగతి. జేబు నుంచి 7 మీదుగా ఒక గీతను వెనక్కి పొడిగించి చూపండి. తెల్లబంతి దాదాపు ఆ గీత వెంటే వస్తుంటే అడుగు ఎక్కువో తక్కువో పోయినా 7 దొరుకుతుంది. గీతను అడ్డంగా కోస్తూ వస్తే నాలుగైదు అంగుళాల తేడాకే కోణం చెడిపోతుంది. "గీత వెంట వస్తే వేగం కాస్త తప్పినా ఫర్వాలేదు, అడ్డంగా వస్తే సరిగ్గా కొలిచి కొట్టాలి" అని ముందే చెప్పిన వ్యాఖ్యాతకే బంతి ఆగాక "రెండో కుషన్ (బల్ల అంచు) తగిలించాల్సింది" అనే హక్కు ఉంటుంది.

'కట్', 'రీబౌండ్' లాంటివి క్యారమ్స్ ఆడేవాళ్ల నోట ఉన్నవే, అలాగే ఉంచండి. షాటు కొడుతున్నప్పుడు మాత్రం మాట ఆపేయాలి, బంతులు తగిలిన చప్పుడు వినపడితే దెబ్బ ఎంత గట్టిదో చూసేవాడికి తెలుస్తుంది.