ఓఆర్‌ఎం లైబ్రరీలో డిఫాల్ట్ సెట్టింగులు కఠినంగా ఉండాలా, ఉదారంగా ఉండాలా?

మూలపట్టిక:
మేము నిర్వహిస్తున్న ఓఆర్‌ఎం లైబ్రరీకి (డేటాబేస్ పట్టికల్లోని వరుసలను ప్రోగ్రాములోని ఆబ్జెక్టులుగా వాడుకోనిచ్చేది) కొత్త ప్రధాన వెర్షన్ సిద్ధమవుతోంది. వాడేవారికి అడ్డు తగలకూడదన్న ఉద్దేశంతో ఇన్నాళ్లూ అది మూడు విషయాలను చూసీచూడనట్లు వదిలేసింది. కాలమ్ నిడివికి మించిన పాఠ్యాన్ని కత్తిరించి భద్రపరుస్తుంది. మోడల్‌లో (పట్టికను వర్ణించే కోడ్‌లో) లేని ఫీల్డు పేరు వస్తే పక్కన పడేస్తుంది. ముందుగా తెప్పించుకోని అనుబంధ రికార్డులను, కోడ్‌కు అవసరమైన క్షణంలో, మరో క్వెరీ (డేటాబేస్‌కు ప్రశ్న) వేసి తెచ్చిపెడుతుంది. ఈ మూడింటినీ డిఫాల్ట్‌గా ఎర్రర్లు చేయాలన్న ప్రతిపాదనపై మీ అభిప్రాయాలు కోరుతున్నాను.

లాగ్‌ఫైల్:
చేయవలసిందే. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అనుభవం ఇందుకు చాలు. తప్పు విలువలను తిరస్కరించే కఠిన మోడ్ లేనప్పుడు అందులో టైనీఇంట్ (127 వరకే పట్టే చిన్న సంఖ్యల) కాలమ్‌కు 300 పంపితే 127 నిలిచేది. 10 అక్షరాల కాలమ్‌కు 14 అక్షరాలు పంపితే చివరి నాలుగూ రాలిపోయేవి. అక్షరానికి మూడు బైట్లే పట్టే యూటీఎఫ్8 కాలమ్‌లోకి, నాలుగు బైట్లు కావలసిన ఎమోజీ ఉన్న వాక్యం వస్తే, ఎమోజీ మొదలుకొని తరువాతి పాఠ్యమంతా మాయమయ్యేది. సర్వర్ వార్నింగ్ ఇచ్చేది గానీ, దాన్ని అడిగి చదివే ప్రోగ్రాములు అరుదు. 2015లో విడుదలైన 5.7 వెర్షన్‌తో కఠిన మోడ్ డిఫాల్ట్ అయింది. ఎర్రర్ వస్తే పని కాసేపు ఆగుతుంది, కారణం కళ్లెదుట ఉంటుంది. కత్తిరింపు సంగతి బయటపడేసరికి మాత్రం అసలు పాఠ్యం ఎక్కడా మిగలదు, బ్యాకప్‌లోనూ కత్తిరించినదే ఉంటుంది.

పాతకోడ్:
లాగ్‌ఫైల్ గారు సగమే చెప్పారు. అదే 5.7కు మారినవారిలో పలువురి పాత పట్టికల్లో 0000-00-00 అనే సున్నా తేదీలు ఉండిపోయాయి, వాటి నిర్మాణాన్ని మార్చబోతే ఆదేశం విఫలమయ్యేది. అప్పుడు చలామణీలో ఉన్న సలహా ఏమిటంటే, ఈ తనిఖీలన్నీ ఉండే ఎస్‌క్యూఎల్ మోడ్ సెట్టింగునే ఖాళీ చేసేయడం. తేదీల తనిఖీ ఒక్కటి ఇబ్బంది పెట్టినందుకు నిడివి తనిఖీ, సంఖ్యల హద్దుల తనిఖీ కూడా దానితోపాటే పోయాయి. 2008లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 8.3 వెర్షన్, సంఖ్యలనూ తేదీలనూ తనంతట తాను పాఠ్యంగా మార్చుకోవడం చాలావరకు మానేసినప్పుడూ ఏళ్లుగా నడుస్తున్న క్వెరీలు ఆగిపోయాయి. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ 2009లో ఫారిన్ కీల (ఒక పట్టికలోని వరుస మరో పట్టికలో నిజంగా ఉన్న వరుసనే సూచించాలన్న నియమాల) అమలును చేర్చినా, పాత ప్రోగ్రాములు చెడకూడదని దాన్ని డిఫాల్ట్‌గా ఆపే ఉంచింది. ఈనాటికీ కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ప్రాగ్మా అనే ఆదేశంతో ఆన్ చేసుకోవలసి ఉంటుంది. అది బద్ధకం కాదు, ఇచ్చిన మాటకు కట్టుబడడం.

లాగ్‌ఫైల్:
సున్నా తేదీల సంగతి ఒప్పుకుంటాను. అయితే ప్రశ్నలోని మూడు విషయాలనూ ఒకే గాటన కట్టడం వల్లే మనం వాదించుకుంటున్నామనిపిస్తోంది. కత్తిరింపు సమాచారాన్నే పాడుచేస్తుంది. అనుబంధ రికార్డులను అడగకుండా తేవడం అలాంటిది కాదు: 100 ఆర్డర్ల జాబితాలో ఒక్కొక్క ఆర్డరుకు వినియోగదారుని విడిగా తెప్పిస్తే 101 క్వెరీలు నడుస్తాయి, పేజీ నెమ్మదిస్తుంది, కానీ తెరపై కనిపించేది నిజమే. నిజమైన జవాబు ఆలస్యంగా ఇచ్చే పేజీని అసలు జవాబే ఇవ్వకుండా కూల్చడం ఎవరికి మేలు? లారావెల్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ దస్తావేజులు, ఇలా అడగకుండా తేవడంపై నిషేధాన్ని ప్రొడక్షన్‌లో (అసలు వాడుకరులకు నడిచేచోట) తప్ప మిగతాచోట్ల పెట్టుకోమని చూపిస్తాయి, రైల్స్ అనే మరో ఫ్రేమ్‌వర్క్ 6.1లో వచ్చిన కఠిన లోడింగ్ కూడా కోరుకున్నవారికే. ఈ ఒక్క విషయంలో నేను ఉదారవాదిని.

రెండోప్రతి:
చిన్న చేర్పు. ఏది ఉదారమన్నది ఆ సాఫ్ట్‌వేర్ ఏమని మాట ఇచ్చిందన్న దానిపై ఆధారపడుతుంది. సమాచారాన్ని మెమరీలో ఉంచే రెడిస్‌లో ప్రతి రాతనూ ఫైలుకు చేర్చే ఏఓఎఫ్ అనే సదుపాయం డిఫాల్ట్‌గా ఆగి ఉంటుంది. రెడిస్‌ను క్యాష్‌గా (తాత్కాలిక నిల్వగా) వాడేవారు ఇందుకు నొచ్చుకోరు. ప్రోగ్రాములను మోంగోడీబీ డేటాబేస్‌తో కలిపే డ్రైవర్లు మాత్రం 2012 చివరి వరకు, రాత అందిందన్న జవాబు కోసం సర్వర్ దగ్గర ఆగకుండానే ముందుకు సాగేవి. డేటాబేస్ అని నమ్మినవారు దాన్ని క్షమించలేదు. 2021 నాటి 5.0లో, సర్వర్ ప్రతుల్లో సగానికి పైగా ఒప్పుకున్నాకే రాత పూర్తయినట్లు భావించడం డిఫాల్ట్ అయింది.

పాతకోడ్:
లేని ఫీల్డు పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు, నాకు ఎక్కువ భయం అక్కడే. విడుదల సమయంలో పాత కోడ్, కొత్త కోడ్ కొంతసేపు పక్కపక్కనే నడుస్తాయి. కొత్తది పట్టికకు ఒక కాలమ్ చేర్చగానే, ఆ వరుసలను చదివే పాతది తెలియని ఫీల్డు వచ్చిందంటూ ఎర్రర్ విసిరితే సేవ మొత్తం నిలిచిపోతుంది.

లాగ్‌ఫైల్:
అది చదివేటప్పటి మాట, అక్కడ వదిలేయవచ్చు. రాసేటప్పుడు ప్రోగ్రామర్ ఫీల్డు పేరులో ఒక అక్షరం తప్పు కొడితే విలువ గాలిలో కలిసిపోతుంది, సేవ్ అయినట్లే కనిపిస్తుంది. దీన్ని ఆపకపోతే కత్తిరింపును ఆపి ప్రయోజనం లేదు.

మూలపట్టిక:
రాతలో కత్తిరింపు, తెలియని ఫీల్డు రెండూ ఎర్రర్లు. చదివేటప్పుడు తెలియని ఫీల్డు వస్తే ఎర్రర్ ఏమీ లేదు. అనుబంధ రికార్డులకు డెవలప్‌మెంట్‌లో మాత్రమే ఎర్రర్. రైల్స్ 5 బిలాంగ్స్‌టూ (ఒక రికార్డు మరోదానికి చెందుతుందనే) సంబంధాన్ని తప్పనిసరి చేసినప్పటిలా, కొత్త ప్రాజెక్టులకు ఇది కాన్ఫిగరేషన్ ఫైలులో రాసి వస్తుంది, పాతవి తమంతట తాము ఆన్ చేసుకునేదాకా మారవు. పాతకోడ్ గారికి అభ్యంతరమా?

పాతకోడ్:
రెండు షరతులతో లేదు. మూడింటికీ ఒకే స్విచ్ పెట్టకండి, లేకుంటే ఎస్‌క్యూఎల్ మోడ్ కథే మళ్లీ జరుగుతుంది. రెండవది, ఎర్రర్ సందేశంలో పట్టిక, కాలమ్, అనుమతించిన నిడివి, వచ్చిన నిడివి ఉండాలి గానీ, వచ్చిన విలువ మాత్రం ఉండకూడదు. అందులో పాస్‌వర్డ్ ఉన్నా అది లాగ్‌లోకి చేరిపోతుంది.