అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు పెట్టింది వర్తకులేనా?

చరిత్రప్రియ:
ఫిలడెల్ఫియా వర్తకుడు రాబర్ట్ మోరిస్ లేకపోతే వాషింగ్టన్ సైన్యం 1776తోనే చెల్లాచెదురయ్యేదని నా వాదన. డిసెంబరు 31తో చాలామంది సైనికుల గడువు తీరిపోతోంది. ఇంకో ఆరు వారాలు ఉంటే తలా 10 డాలర్లు ఇస్తానని వాషింగ్టన్ మాటైతే ఇచ్చేశాడు, చేతిలో పైసా లేదు. తిరుగుబాటు రాష్ట్రాల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ చూస్తే బాల్టిమోర్‌కి తరలిపోయింది. జనవరి 1న మోరిస్ 50 వేల డాలర్లు పంపాడు. కాదనేవాళ్లు చెప్పండి.

నాణేలసంచి:
అవి కాగితం డాలర్లండీ! 1781 నాటికి ఆ కాగితానికి విలువే లేదు. ఆ ఏడాది బ్రిటిష్ సేనను ముట్టడించడానికి వర్జీనియాలోని యార్క్‌టౌన్‌కి బయల్దేరిన సైనికులు నెల జీతం రొక్కంగా ఇస్తేనే కదులుతామన్నారు. అప్పటికి ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న మోరిస్ ఏం చేశాడు? అమెరికాకు తోడొచ్చిన ఫ్రెంచి సేనాని రోషాంబో దగ్గర సుమారు 20 వేల వెండి డాలర్లు చేబదులు తెచ్చాడు. 1782లో తెరిచిన బ్యాంక్ ఆఫ్ నార్త్ అమెరికా సంగతీ అంతే. ప్రైవేటు వాటాదారుల సొమ్ము సుమారు 70 వేలు, ప్రభుత్వ వాటా 2.5 లక్షల పైచిలుకు. ఆ ప్రభుత్వ సొమ్ము ఫ్రాన్స్ నుంచి వచ్చిన వెండే. ఇల్లు ఫ్రాన్స్ కడితే గృహప్రవేశం వర్తకులు చేసుకున్నట్టుంది.

చరిత్రప్రియ:
రోషాంబో అయినా ఎవరి మాట మీద ఇచ్చాడు? తిరిగి కడతానని మోరిస్ ఒప్పుకుంటేనే కదా. కాంగ్రెస్ నోటు ముట్టుకోనివాళ్లు మోరిస్ సంతకం పెట్టిన నోటు తీసుకున్నారు. యుద్ధంలో పరపతి కూడా డబ్బేనండీ. దళారీ హైమ్ సాలమన్‌ని చూడండి. ఫ్రాన్స్ అప్పు తాలూకు హుండీలను, అంటే సొమ్ము చెల్లించమని రాసిన పత్రాలను, ఫిలడెల్ఫియాలో అమ్మిపెట్టి రొక్కం చేసిచ్చింది ఆయనే. 1785లో చనిపోయేసరికి మిగిలినవి అప్పులే. మోరిస్ కూడా తర్వాత భూముల బేరాల్లో మునిగి 1798లో అప్పుల జైలుకు వెళ్లాడనుకోండి, అది వేరే కథ.

వెనకబెంచీ:
ఇద్దరూ సైనికుణ్ణి వదిలేశారు. 1783లో ఇళ్లకు పంపేటప్పుడు చేతిలో పెట్టింది మూడు నెలల జీతానికి మోరిస్ నోట్లు, మిగతా బాకీకి ప్రభుత్వం తర్వాత చెల్లిస్తుందనే సర్టిఫికెట్లు. ఇంట్లో గడవక చాలామంది వాటిని కారుచౌకగా అమ్ముకున్నారు. కొన్నది ఎక్కువగా డబ్బున్నవాళ్లే. 1790లో ఆర్థిక మంత్రి హామిల్టన్ పథకం ప్రకారం పూర్తి ముఖవిలువ లెక్కగట్టారు, అదీ కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి. మొదట చాకిరీ చేసినవాడికి కొంత ఇవ్వాలని కాంగ్రెస్ సభ్యుడు మాడిసన్ పట్టుబట్టినా సభ వినలేదు. వర్తకుల ఖాతాలో జమ రాసేముందు ఈ ఖర్చు కూడా రాయండి.