‘చంపదగిన యట్టి శత్రువు’ పద్యం: లోకంలో చెల్లే మాటేనా?

ప్రశ్న:
చంపదగిన యట్టి శత్రువు తనచేత
చిక్కెనేని కీడు సేయరాదు
పొసగ మేలు చేసి పొమ్మనుటె చాలు
విశ్వదాభిరామ వినురవేమ

బడిలో వల్లె వేసిన పద్యమే. కానీ వదిలేసిన శత్రువు మళ్ళీ మీద పడడా?

జవాబు: దీన్ని కంప్యూటర్‌లో ఆడించి చూసినవారున్నారు. 1980 ప్రాంతంలో మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ ప్రోగ్రాముల మధ్య పోటీ పెట్టారు. రెండేసి ప్రోగ్రాములు పదే పదే తలపడతాయి, ప్రతిసారీ ఒక్కోటీ సహకరించాలో మోసగించాలో ఎంచుకోవాలి. ఇద్దరూ సహకరిస్తే చెరి 3 పాయింట్లు, ఇద్దరూ మోసగిస్తే చెరి 1. ఒకరే మోసగిస్తే వారికి 5, నమ్మినవారికి సున్నా. మొదటిసారి 14, రెండోసారి 62 ప్రోగ్రాములు వచ్చాయి. రెండుసార్లూ గెలిచింది అనటోల్ రాపపోర్ట్ పంపిన చిన్న ప్రోగ్రామే: మొదట సహకరించు, ఆపైన ఎదుటివాడు కిందటిసారి చేసిందే చేయి.

మరొకరు: అది దెబ్బకు దెబ్బ. వేమన చెప్పింది దానికి నేరుగా విరుద్ధం కదా!

జవాబు: ఆ పోటీ వరకైతే నిజమే. కానీ ఎక్కడో ఒక్క పొరపాటు దొర్లిందనుకోండి. ఇలాంటి రెండు ప్రోగ్రాములు తలపడితే ఆ ఒక్క దెబ్బ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. మొదలెవరిదో మరిచిపోయిన ముఠా కక్షల నడక అచ్చంగా ఇదే. పొరపాట్లున్న ఆటలో కాస్త క్షమించేవాడే నెగ్గుకొస్తాడని 1992లో మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ చూపించారు. పై పాయింట్ల ప్రకారం సగటున మూడు మోసాల్లో ఒకదాన్ని వదిలేయాలి. అన్నీ వదిలేసేవాణ్ణి మాత్రం మోసగాళ్ళు నిలువునా దోచుకుంటారు.

ఇప్పుడు ‘తనచేత చిక్కెనేని’ మళ్ళీ చదవండి. పద్యం మాట్లాడుతున్నది దండించగలిగి కూడా వదిలేసేవాడితో. చేతకానివాడి ఓర్పు గురించి కాదు. అలాగని వేమనకు ఈ లెక్కలు అంటగట్టను. ‘మేలు చేసి’ అన్న మాటకు ఈ ఆటలో అసలు గడే లేదు, వదిలేయడంతోనే సరి.

ప్రశ్న అడిగినవారు: ఊళ్ళో ఆడేది ఇద్దరే కాదుగా! వదిలేస్తే చూసేవాళ్ళు పిరికివాడంటారు.

జవాబు: మంచి ఆక్షేపణ. 1998లో నోవాక్, సిగ్మండ్‌లే ఇంకో నమూనాలో చూసేవాళ్ళనూ లెక్కలోకి తెచ్చారు. అందులో మేలు చేసినవాడికి పేరొస్తుంది, ఆ పేరు చూసి మూడోవాడు అతనికి సాయపడతాడు. పద్యంలోని ‘మేలు’కు అక్కడ చోటు దొరికినట్టే. అయితే సాయం చేస్తే మంచిపేరు అన్నది ఆ నమూనాలో ముందే పెట్టుకున్న నియమం. మీరన్న ఊరి నియమం అది కాకపోతే ఫలితమూ మారిపోతుంది.