ఉండబోదా, ఉండజాలదా, ఉండరాదా? వలూయెవ్ వాక్యంలో చివరి క్రియ

అరసున్న:
రష్యా సామ్రాజ్యంలో ఉక్రేనియన్ పుస్తకాల అచ్చును కట్టడి చేసిన 1863 నాటి వలూయెవ్ సర్క్యులర్‌లో వాక్యం, తెలుగులో చదివినదే, "ప్రత్యేకమైన చిన్న రష్యా భాష అంటూ ఏదీ లేదు, లేదు, ఉండ..." దాకా వచ్చి ఆగిపోతోంది. చివరిది ఉండబోదా, ఉండజాలదా, ఉండరాదా? (చిన్న రష్యా భాష అంటే వాళ్ళు ఉక్రేనియన్‌ను పిలిచిన పేరు.) రష్యన్ మూలం "నె బీలొ, న్యెత్ ఇ బీత్ నె మోజెత్".

శకటరేఫ:
ఉండబోదు మాత్రం కాదు. "బోదు" రాబోయే కాలానికి చెందింది. "మోజెత్"లో ఉన్నది కాలం కాదు, శక్యత. కాబట్టి ఉండజాలదు. అయినా అసలు చిక్కు మొదటి రెండు మాటల్లో ఉంది. "బీలొ" భూతం, "న్యెత్" వర్తమానం. మన "లేదు" రెంటికీ చెల్లుతుంది (నిన్నా లేదు, ఇవాళా లేదు). మీకు "లేదు, లేదు" అని జంటగా గుర్తుండటానికి కారణం అదే. విడదీయాలంటే "ఉండలేదు, లేదు, ఉండజాలదు" అనాలి.

ద్రుతం:
శకటరేఫ గారూ, "ఉండలేదు" దగ్గర ఇంకో గొయ్యి ఉంది. "వాడు ఉండలేదు" అంటే భూతం, "వాడు ఉండలేడు" అంటే అశక్తత. మగవాడి విషయంలో దు, డు తేడా చెప్పేస్తాయి. భాష అమహత్తు (మగవాణ్ణి సూచించని పదం) కదా, అక్కడ రెండూ "ఉండలేదు" అనే వస్తాయి. అంటే వలూయెవ్ మూడు ముక్కల్లో మొదటిదీ మూడోదీ తెలుగులో అచ్చంగా ఒకే మాట. ఆ "లే" ఏ "లే" అన్నది తేల్చకుండా ముందుకు పోలేం.

శకటరేఫ:
బహువచనం చేస్తే తేలిపోతుంది. "ప్రత్యేక భాషలేవీ ఉండలేదు, లేవు, ఉండలేవు."

ద్రుతం:
మూలంలో ఏకవచనం. పైగా ఆయన కాదన్నది ఒకే ఒక్క భాషను. బహువచనం పెడితే ఆ గురి పోతుంది.

నకారపొల్లు:
ఉండరాదును అంత తేలిగ్గా కొట్టేయకండి. సర్క్యులర్ ఏం చేసిందో చూడండి. పాత పంచాంగం ప్రకారం జులై 18న ఆంతరంగిక మంత్రి ప్యోత్ర్ వలూయెవ్ దాన్ని కీయెవ్, మాస్కో, పీటర్స్‌బర్గ్ సెన్సారు కమిటీలకు పంపాడు. ఆ భాషలో లలిత సాహిత్యం అచ్చు వేసుకోవచ్చు. మతగ్రంథాలు, బడి పుస్తకాలు, సామాన్య జనం చదువు నేర్చుకునే వాచకాలు మాత్రం ఆపాలి. పోలండ్ తిరుగుబాటు ఆ జనవరిలోనే మొదలైంది. మొరచేవ్‌స్కి ఆ భాషలోకి చేసిన సువార్తల అనువాదం సైన్సెస్ అకాడమీ మెప్పు పొంది అచ్చుకు ఎదురుచూస్తోంది. రైతు తన మాటలో సువార్త చదువుకుంటే అది యాస అని ఇంకెవరూ అనలేరు. అందుకే కవిత్వాన్ని వదిలి ప్రైమరీ వాచకాన్ని పట్టుకున్నారు. వాక్యం పైకి "జాలదు" అన్నా, కాగితం చేసిన పని "రాదు".

విసర్గ:
రెండూ ఒకే మాటలో ఇమిడేది మన దగ్గర ఉంది, "వీల్లేదు". "ఉండటానికి వీల్లేదు" అంటే సాధ్యం కాదనీ, ఒప్పుకోమనీ.

శకటరేఫ:
మంచి మాటే, కానీ అనువాదకుడు వాడకూడదు. వలూయెవ్ దాన్ని ఆజ్ఞగా రాయలేదు, పండితుల నిర్ణయంలా రాశాడు. ఆయన దాచినదాన్ని "వీల్లేదు" బయట పెట్టేస్తుంది.

ద్రుతం:
అసలు ఆ మాట తనదిగా కూడా రాయలేదు. వాక్యానికి కర్త "చిన్న రష్యన్లలో అధిక సంఖ్యాకులు". వాళ్ళే "ఎంతో సహేతుకంగా" నిరూపిస్తున్నారని ఉంది. అలాంటప్పుడు తెలుగులో చివర "ట" పడాలి. ఉండజాలదట.

నకారపొల్లు:
పడకూడదు. "ట" పెట్టినవాడు ఆ మాటకు తాను పూచీ పడడు. "ఎంతో సహేతుకంగా" అన్నవాడు పూచీ పడ్డాడు. ఇతరుల నోట పలికించి తన ముద్ర వేశాడు. "అని" వరకే సరి. అన్నట్టు, విద్యామంత్రి గొలొవ్నిన్ కొద్ది రోజుల్లోనే అభ్యంతరం రాశాడు. పుస్తకాన్ని ఆపాల్సింది అందులోని భావాన్ని బట్టి గానీ భాషను బట్టి కాదన్నది ఆయన వాదన. చెల్లలేదు.

విసర్గ:
వాక్యం రెండో సగం కూడా చూడండి, "పోలండ్ ప్రభావంతో చెడిపోయిన రష్యనే" అని. ఆ "చెడిపోయిన"కు కొందరు "వికృతి" వాడతారు, అది తప్పు. మన వ్యాకరణంలో వికృతి తిట్టు కాదు. "విద్దె" చెడిపోయిన "విద్య" అని ఎవరూ అనరు.

శకటరేఫ:
1876 నాటి ఎమ్స్ ఉత్తర్వు ఇంకా సూక్ష్మంగా, అక్షరం దాకా వెళ్ళింది. జార్ రెండో అలెగ్జాండర్ జర్మనీలో ఎమ్స్ స్నానతీర్థంలో ఉండగా సంతకం చేశాడు. బయటి నుంచి పుస్తకాలు రాకూడదు. అనువాదాలు, నాటకాలు వద్దు. చివరికి సంగీత స్వరాల కింద పాట మాటలు కూడా వేయకూడదు. లలిత సాహిత్యానికి అనుమతి ఉంది, కానీ రష్యన్ వర్ణక్రమం తప్పకూడదు. రొట్టెను ఉక్రేనియన్లు "ఖ్లీబ్" అంటారు, రష్యన్లు "ఖ్లేబ్" అంటారు. ఉక్రేనియన్ రచయిత కులీష్ రూపొందించిన లిపిలో "ఈ" ధ్వనికి "ఈ" అక్షరమే ఉండేది. రష్యన్ పద్ధతిలో ఆ చోట "యాత్" అనే పాత అక్షరం రాయాలి, అప్పుడు రెండు భాషల్లోనూ రొట్టె ఒకేలా కనిపిస్తుంది. చెవికి రెండు మాటలు, కంటికి ఒకటే. మన "చలి", "చిలుక"ల్లో చ రెండు రకాలుగా పలికినా ఒకే అక్షరంలో ఇమిడినట్టు. మనకది అలవాటుగా వచ్చింది, అక్కడ ఉత్తర్వుతో తెచ్చారు.

విసర్గ:
లిథువేనియాలో దీని అన్న ఉంది. 1864 నుంచి 1904 దాకా లాటిన్ అక్షరాల్లో లిథువేనియన్ అచ్చు నిషేధం, సిరిలిక్‌లోనే వేయాలి. జనం ఆ పుస్తకాలు ముట్టలేదు. తూర్పు ప్రష్యాలో తిల్‌జిత్‌లో అచ్చు వేయించి మూటల్లో సరిహద్దు దాటించారు. మోసినవాళ్ళను "క్నిగ్‌నెషియై" అన్నారు, పుస్తకమోతలు.

అరసున్న:
ఉక్రేనియన్ కవి షెవ్‌చెంకో ఈ రెంటికీ ముందే పోయాడు కదా, 1861లో?

ద్రుతం:
అవును. ఆయన మీద పడిన ఆజ్ఞ వేరు. 1847లో ఒరెన్‌బుర్గ్‌కు సిపాయిగా పంపుతూ జార్ మొదటి నికొలాయ్ తన చేత్తో చేర్చాడు, కట్టుదిట్టమైన నిఘా, రాయడం గీయడం నిషేధం. అక్కడ క్రియ నిక్కచ్చిగా "రాదు", ఏ సందేహం లేదు. అయినా 1847 నుంచి 1850 దాకా ఏడాదికొకటిగా నాలుగు చిన్న పుస్తకాలు నింపాడు. వాటిని "జహల్యావ్ని" అంటారు. "హల్యావ" అంటే బూటు పైగొట్టం, అందులో దాచినవి. ఆ మాటను తెలుగులోకి తేవడం నా మటుకు వలూయెవ్ వాక్యం కంటే ముఖ్యం. "బొడ్లో దోపిన పుస్తకాలు" అంటే?

నకారపొల్లు:
ద్రుతం గారూ, బొడ్లో దోపితే అది చుట్ట అవుతుంది, బూటు పోతుంది. సిపాయి బూటు కాబట్టే ఆ మాటకు బరువు. ఆయన్ను బంధించిన యూనిఫారంలోనే దాచుకున్నాడు. "బూటులో పుస్తకాలు" అని వదిలేయండి. ఇంకోటి, అరసున్న గారు "నె బీలొ" అని రాశారు. ఊనిక "బీ" మీద పడదు, "నె" మీద పడుతుంది. "నే బిలొ" అని పలకాలి.

ద్రుతం:
ఊనిక వ్యతిరేకం మీద పడితే తెలుగులో "లేనే లేదు" అవుతుంది. కాలం మళ్ళీ జారిపోయింది.

శకటరేఫ:
అయితే మొదటిదానికి "ఉండేది కాదు" చూడండి. "ఉండేది కాదు, లేదు, ఉండజాలదు." కాలం తేలింది, "లే" ఒకచోటే మిగిలింది.

ద్రుతం:
"ఉండేది కాదు"లో తర్వాత వచ్చి చేరిందన్న ధ్వని ఉంది. "అప్పట్లో కరెంటు ఉండేది కాదు" అంటే ఇప్పుడు ఉందనే కదా. వలూయెవ్ దానికి ఒప్పుకోడు.

అరసున్న:
నాకు గుర్తున్న వాక్యంలో "ఉండ" తర్వాత దీర్ఘం ఉంది. అది "జా" కావచ్చు, "రా" కావచ్చు. "బో" కూడా దీర్ఘమే.