అప్‌డేట్: స్టేట్ ఫైనల్ గెలిచాం, సీజన్‌లో ఒక్క ఓటమీ లేదు

ఆధిక్యంలో ఉండి కూడా నాలుగో క్వార్టర్‌లో మా హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఎందుకు తడబడుతోందని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు, బాగా పనిచేశాయి.

అసలు కారణం అలసటే. అఫెన్స్ (దాడి), డిఫెన్స్ (రక్షణ) రెండు లైన్లలోనూ ఆడే కుర్రాళ్లే కిక్‌ఆఫ్‌లకూ (బంతిని తన్ని ఆట మొదలుపెట్టేటప్పుడు) పరుగెత్తేవారు. ఆ పని జూనియర్లకు అప్పగించాక చివర్లో కాళ్లు నిలిచాయి.

రెండోది గడియారం: ఆధిక్యంలో ఉన్నప్పుడు సమయం కరిగిపోనివ్వాలి. ప్లే క్లాక్ (తర్వాతి ఆట మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు) 40 సెకన్లలో 5 మిగిలేదాకా ఆగి స్నాప్ చేయాలి, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టాలి. ఆ గడువు పూర్తిగా దాటితే 5 గజాల పెనాల్టీ. బంతి పట్టినవాడు రెండు చేతులతో పొట్టకు అదుముకుని మైదానంలోనే పడిపోవాలి. పక్క గీత దాటితే మ్యాచ్ గడియారం ఆగిపోతుంది, ఈ తప్పే ఎక్కువ జరుగుతుంది.

ఫైనల్‌లో ప్రత్యర్థికి టైమ్‌అవుట్‌లు అయిపోయాయి, రెండు నిమిషాల లోపే ఉంది, మాకు ఫస్ట్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మొదటిది). క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) బంతి అందుకుని మూడుసార్లు మోకాలు నేలకు ఆనించాడు, ప్రతిసారీ ఆట అక్కడే ముగిసినా గడియారం నడుస్తూనే ఉంది. అంతే, ఛాంపియన్లం!